‘మా ఇంటికి మేమే యజమానులం’: క్యూబెక్ చర్చిలు ఎందుకు ఖాళీ అయ్యాయి

అమెరికాలోని వెర్మాంట్ 1777 నుంచి 1791 వరకు, పద్నాలుగేళ్ల పాటు, పక్క రాష్ట్రాలకు గానీ కొత్తగా పుట్టిన దేశానికి గానీ లోబడకుండా సొంత రాజ్యాంగంతో, కొంతకాలం సొంత నాణేలతో కూడా నడిచింది. పశ్చిమాన ఉన్న యూటా గడ్డకు 1847లో చేరుకున్న, మోర్మన్ అనే అమెరికా క్రైస్తవ శాఖ విశ్వాసులు రెండేళ్లకే ‘డెజరెట్’ అనే పేరుతో తమ ప్రభుత్వాన్ని తామే ప్రకటించుకున్నారు. 1857లో వారి మీదికి అమెరికా ప్రభుత్వం సైన్యాన్నే పంపింది. ఎవరి పెత్తనమూ సహించని పట్టుదలకు రెండు ప్రాంతాలూ పేరుపడ్డవే. అయితే 2014లో గ్యాలప్ సంస్థ రాష్ట్రాలవారీగా అడిగినప్పుడు, ప్రతివారం ఆరాధనకు వెళ్తామని చెప్పినవారు వెర్మాంట్‌లో 17 శాతం, యూటాలో 51 శాతం. మొదటిది దేశంలో అట్టడుగు, రెండోది అన్నిటికన్నా పైన.

స్వతంత్ర భావాలు గల ప్రాంతాల్లో చర్చి హాజరు ఎందుకు తక్కువ అన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే జవాబు ఈ రెండు అంకెల దగ్గరే ఆగిపోతుంది. ప్రభుత్వం ముందు తల వంచని జనం చర్చి గురువుల ముందు కూడా తల వంచరన్నది ఆ జవాబు. వినడానికి బాగుంటుంది కానీ, అదే నిజమైతే యూటా చర్చిలు వెర్మాంట్ చర్చిలలాగే బోసిపోయి ఉండాలి. కాబట్టి ప్రజల స్వభావాన్ని కాసేపు పక్కనబెట్టి, ఆ ప్రాంతంలో చర్చి ఏయే పనులు చేసేది, ఆ పనులు తర్వాత ఎవరి చేతికి వెళ్లాయి అని అడగడం మేలు. ఆ ప్రశ్నకు అందరికన్నా స్పష్టంగా జవాబు చెప్పే చరిత్ర కెనడాలోని క్యూబెక్‌ది.

కాకినాడ, బొబ్బిలి వైపు పాత క్రైస్తవ కుటుంబాలకు కెనడా అంటే 1870ల నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలే గుర్తుకొస్తారు. కాకినాడలో మెక్‌లారిన్ హైస్కూలు పేరు ఇప్పటికీ ఆ జ్ఞాపకాన్ని మోస్తున్నది. వారు ఇంగ్లీషు మాట్లాడే కెనడా నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్లు. క్యూబెక్ వేరే లోకం. అక్కడి జనం ఫ్రెంచి మాట్లాడే కాథలిక్కులు. 1950లలో అక్కడి కాథలిక్కుల్లో పదిమందిలో ఎనిమిదిమందికి పైగా ప్రతి ఆదివారం పూజకు వెళ్లేవారు. నేడు ఆ సంఖ్య పదిలో ఒకటికి కూడా చేరదు. ఐరోపాలో రెండు మూడు శతాబ్దాలు పట్టిన మార్పు ఇక్కడ ఒక తరంలో ముగిసింది. దిగువకు పోయిన రాష్ట్రాలు, దేశాలు చాలా ఉన్నాయి గానీ అంత ఎత్తు నుంచి అంత వేగంగా పడినవి అరుదు. ఎందుకు పడిందో తెలియాలంటే ముందు అంత ఎత్తుకు ఎలా చేరిందో చూడాలి.

1759లో క్యూబెక్ నగరం బయటి మైదానంలో ఫ్రెంచి సేన ఓడింది. 1763 పారిస్ ఒప్పందంతో ఫ్రాన్సు ఈ నేలను ఇంగ్లండుకు వదిలేసింది. అధికారులు, పెద్ద వ్యాపారులు చాలామంది ఓడలెక్కి వెళ్లిపోగా రైతులూ గురువులూ మిగిలారు. పై పదవుల్లో తమవారు లేని జనానికి తమ భాషలో మాట్లాడే, ఊరూరా ఉనికి ఉన్న ఏకైక వ్యవస్థ చర్చి మాత్రమే. దక్షిణాన అమెరికా వలసలు తిరుగుబాటు దిశగా కదులుతున్న సమయంలో ఫ్రెంచి ప్రజలు కూడా చేజారకూడదని ఇంగ్లండు 1774లో క్యూబెక్ చట్టం తెచ్చింది. కాథలిక్ మతాన్ని పాటించే స్వేచ్ఛనూ, విశ్వాసుల నుంచి దశమభాగం వసూలు చేసుకునే హక్కునూ అది చర్చికి ఇచ్చింది. దానికి బదులుగా బిషప్పులు జనాన్ని రాజభక్తిలో నిలిపే బాధ్యత తీసుకున్నారు. ఒక రకంగా ఇది ముగ్గురి మధ్య కుదిరిన ఒడంబడిక. ఇంగ్లండుకు శాంతి దక్కింది, చర్చికి అధికారం దక్కింది, ప్రజలకు భాషా మతమూ దక్కాయి. దక్కనిది స్వపరిపాలన.

ఈ ఒడంబడికకు తొలి పరీక్ష 1837లో వచ్చింది. ఎన్నికైన సభకు జవాబు చెప్పే ప్రభుత్వం కావాలని ‘పేట్రియట్లు’ ఆయుధం పట్టినప్పుడు, మాంట్రియల్ బిషప్ లార్టీగ్ వారిని ఖండిస్తూ లేఖ రాసి గుడి గుడినా చదివించాడు. ఆయుధం పట్టి చనిపోయినవారికి క్రైస్తవ ఖననం నిరాకరించారు. తిరుగుబాటు అణిగిపోయింది. విచారణకు వచ్చిన లార్డ్ డరమ్ 1839 నివేదికలో ఈ జనానికి చరిత్రా లేదు, సాహిత్యమూ లేదని రాసి, వారిని ఇంగ్లీషువారిలో కలిపేయడమే మార్గమని సూచించాడు. ఓడిన రాజకీయ నాయకత్వం చెల్లాచెదురైంది. మిగిలిన ఖాళీలోకి చర్చి మరింత బలంగా వచ్చింది. 1840 నుంచి 1876 దాకా మాంట్రియల్ బిషప్‌గా ఉన్న ఇన్యాస్ బూర్జే ఫ్రాన్సు నుంచి మఠసభలను రప్పించాడు. బడులు, ఆసుపత్రులు, అనాథాశ్రమాలు వాటి చేతుల్లో పెట్టాడు. పోపు మాటే చివరి మాట అన్న పంథా ఆయనది.

ఆ అధికారం ఎంత లోతుకు వెళ్లిందో జోసెఫ్ గిబోర్ శవపేటిక చెబుతుంది. గిబోర్ మాంట్రియల్‌లో అచ్చుపనివాడు. చర్చి నిషేధించిన పుస్తకాలు కూడా ఉండే గ్రంథాలయాన్ని నడిపే ‘ఇన్‌స్టిట్యూట్ కెనడియన్’ అనే సంఘంలో సభ్యుడు. బూర్జే ఆ సంఘంతో తలపడ్డాడు, దాని సభ్యులకు సంస్కారాలు నిషేధించాడు. 1869 నవంబరులో గిబోర్ చనిపోతే పవిత్ర భూమిలో పాతిపెట్టడానికి గురువులు ఒప్పుకోలేదు. ఆయన భార్య హెన్రియెట్టా బ్రౌన్ కోర్టుకు వెళ్లింది. తీర్పు వచ్చేలోపు ఆమె కూడా కన్నుమూసింది. వ్యాజ్యం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా నడిచి, 1874లో గిబోర్ పక్షాన తీర్పు వచ్చింది. 1875 సెప్టెంబరులో శవాన్ని సమాధుల తోటకు తీసుకెళితే జనం గేటు వేసి అడ్డుకుని రాళ్లు రువ్వారు. నవంబరులో వెయ్యిమందికి పైగా సైనికుల కాపలాతో మళ్లీ తీసుకెళ్లి, ఎవరూ తవ్వి తీయకుండా పేటిక చుట్టూ సిమెంటు, ఇనుప ముక్కలు పోసి పూడ్చారు. బూర్జే వెంటనే ఆ కాస్త చోటు పవిత్ర భూమి నుంచి వేరుపడిందని ప్రకటించాడు. ఒక పుస్తకాల గదిలో సభ్యత్వం ఉన్నందుకు, చనిపోయాక ఆ మనిషి ఆరేళ్లు మట్టికి నోచుకోలేదు. రాళ్లు రువ్వినవారిని ఎవరూ బలవంతపెట్టలేదన్నది ఇందులో గమనించదగ్గ సంగతి. చర్చిని కాపాడుకోవడమంటే తమను తాము కాపాడుకోవడమేనని ఆ జనం నిజంగానే నమ్మారు.

అదే 1875లో మరో పని జరిగింది. దాని గురించి అంతగా చెప్పుకోరు గానీ ఈ వ్యాసానికి అదే ముఖ్యం. అంతకు ఏడేళ్ల ముందు ఏర్పడిన ప్రభుత్వ విద్యాశాఖను చర్చి ఒత్తిడితో రద్దు చేశారు. కాథలిక్ బడుల వ్యవహారమంతా ఒక సమితికి అప్పగించి, క్యూబెక్‌లోని బిషప్పులందరినీ హోదారీత్యా అందులో కూర్చోబెట్టారు. అప్పటి నుంచి 1964 వరకు, 89 సంవత్సరాలు, ఆ ప్రభుత్వానికి విద్యామంత్రి లేడు. నిర్బంధ విద్య చట్టం 1943లో గానీ రాలేదు. ఒక పిల్ల పుడితే జ్ఞానస్నానపు చిట్టాయే జనన రిజిస్టరు, బడిలో పాఠం చెప్పేది మఠకన్య, జబ్బు చేస్తే చేరేది మఠం ఆసుపత్రి, కూలీకి వెళితే చేరే కార్మిక సంఘం కూడా కాథలిక్ సంఘమే, చివరికి పాతిపెట్టేది గుడి తోటలో. ఇలాంటి సమాజంలో ఆదివారం పూజకు వెళ్లకపోవడమంటే దేవుడి మీద అలగడం ఒక్కటే కాదు. పౌరసత్వం వదులుకున్నంత పని.

భాష విషయంలో కూడా చర్చి కవచంగా నిలిచింది. 1910 సెప్టెంబరులో మాంట్రియల్‌లో జరిగిన దివ్యసత్ప్రసాద మహాసభకు వచ్చిన వెస్ట్‌మినిస్టర్ ఆర్చిబిషప్ బోర్న్, కెనడాలో కాథలిక్ మతం వ్యాపించాలంటే ఇంగ్లీషును వాహనంగా చేసుకోవాలని నోత్రదామ్ బసిలికాలో ప్రసంగించాడు. అదే వేదిక నుంచి క్యూబెక్ రాజకీయ నాయకుడు హెన్రీ బూరసా అప్పటికప్పుడు లేచి తన జనం భాష తరఫున ఇచ్చిన జవాబు ఈనాటికీ క్యూబెక్ చరిత్ర పాఠాల్లో ఉంటుంది. ‘భాషే విశ్వాసానికి కావలి’ అన్నది ఆ కాలపు నినాదం. ఫ్రెంచి మాట్లాడినంత కాలం ఇంగ్లీషు ప్రొటెస్టెంట్లలో కలిసిపోరు, కలిసిపోనంత కాలం కాథలిక్కులుగా ఉంటారు. ఆనాడు లెక్క సరిగ్గానే ఉంది. అయితే ఆ నినాదంలో భాష సాధనం, విశ్వాసం లక్ష్యం. తర్వాతి తరం ఈ వరసను తలకిందులు చేసింది.

రక్షణకు వెల కూడా ఉంది. మోరీస్ డుప్లెసీ 1936 నుంచి 1939 వరకు, మళ్లీ 1944 నుంచి 1959లో చనిపోయేవరకు ముఖ్యమంత్రిగా ఉన్నాడు. ఆయన పార్టీ రంగు నీలం, ప్రతిపక్ష లిబరళ్ల రంగు ఎరుపు. ఎన్నికలప్పుడు ‘స్వర్గం నీలం, నరకం ఎరుపు’ అనే మాట పల్లె గుళ్లలో వినిపించేది. బడులకూ ఆసుపత్రులకూ ఇచ్చే గ్రాంటు ముఖ్యమంత్రి దయ మీద ఆధారపడేది కనుక, బిషప్పులు తన చేతిలోది తింటారని ఆయన గొప్పగా చెప్పుకునేవాడట. 1949లో ఆస్బెస్టాస్ పట్టణంలో గని కార్మికులు సమ్మె చేసినప్పుడు మాంట్రియల్ ఆర్చిబిషప్ జోసెఫ్ షార్బొనో వారి పక్షం వహించి, గుళ్ల ముందు చందాలు వసూలు చేయించాడు. మరుసటి ఏడాది ఆయన పదవి నుంచి తప్పుకుని, దేశానికి ఆ చివర ఉన్న విక్టోరియా నగరంలో శేషజీవితం గడపవలసి వచ్చింది. కార్మికులు దీన్ని మరచిపోలేదు.

ఇంతా చేసి ఆ రక్షణలో జనం బాగుపడ్డారా అంటే, లేదు. 1963లో కెనడా నియమించిన ద్విభాషా, ద్విసంస్కృతి కమిషన్ 1961 జనగణన ఆధారంగా క్యూబెక్‌లో మగవారి ఆదాయాలను మూలజాతులవారీగా పోల్చింది. పద్నాలుగు వర్గాల్లో ఫ్రెంచి మూలాలవారిది పన్నెండో స్థానం. ఐదింట నాలుగు వంతులు తామే ఉన్న సొంత గడ్డ మీద వారు ఇటాలియన్ వలసకూలీలకు, ఆదివాసులకు మాత్రమే పైన ఉన్నారు. కంపెనీల భాష ఇంగ్లీషు. ఇంజనీర్లనూ మేనేజర్లనూ తయారుచేయవలసిన కాలంలో చర్చి కళాశాలలు లాటిన్‌తో గురువులను, వకీళ్లను, డాక్టర్లను తయారుచేస్తున్నాయి. రెండు వందల ఏళ్ల ఒడంబడికలో తమకు దక్కనిది ఏమిటో ఆ జనానికి లెక్కల్లో కనిపించింది.

1960 జూన్ 22న జాన్ లెసాజ్ నాయకత్వంలో లిబరళ్లు గెలిచారు. ఆ తర్వాతి ఆరేళ్లను ‘నిశ్శబ్ద విప్లవం’ అంటారు. 1961 జనవరిలో ఆసుపత్రి బీమా మొదలై, వైద్యం ఖర్చు ప్రభుత్వం చేతికి వచ్చింది. 1962 ఎన్నికల్లో లెసాజ్ ‘మా ఇంటికి మేమే యజమానులం’ అనే నినాదంతో గెలిచి, ప్రైవేటు విద్యుత్ కంపెనీలను ప్రభుత్వ సంస్థ హైడ్రో-క్యూబెక్‌లో కలిపాడు. ఆ శాఖ మంత్రి రెనే లెవెక్ తర్వాత, క్యూబెక్ వేరే దేశం కావాలన్న సార్వభౌమత్వ ఉద్యమానికి నాయకుడయ్యాడు. 1964లో విద్యాశాఖ తిరిగి పుట్టింది. పాల్ జెరాన్-లాజువా తొలి మంత్రి. 1967 నుంచి పాత చర్చి కళాశాలల చోట సెజెప్‌లు అనే ప్రభుత్వ కళాశాలలు వచ్చాయి. పేదల సహాయం కూడా క్రమంగా ప్రభుత్వం కిందికే వచ్చింది.

ఈ మార్పును చర్చి మీద యుద్ధంగా వర్ణించడం పొరపాటు. విద్యా సంస్కరణకు దారి చూపిన కమిషన్‌కు అధ్యక్షుడు అల్ఫోన్స్-మరీ పారాన్ స్వయంగా గురువు. కొత్త ప్రభుత్వంలో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్తలు చాలామంది లావాల్ విశ్వవిద్యాలయంలో ఫాదర్ జార్జ్-హెన్రీ లెవెక్ 1938లో స్థాపించిన బడిలో చదివినవారు. కాథలిక్ యువజన సంఘాల్లో ఆరితేరినవారే పత్రికలు, పార్టీలు నడిపారు. ఒక్క గుడి మీద రాయి పడలేదు, ఒక్క మఠమూ తగలబడలేదు. 1909లో బార్సిలోనాలో ఒక్క వారంలో పదుల సంఖ్యలో గుళ్లు, మఠాలు తగలబెట్టిన కాటలోనియా చరిత్రతో పోలిస్తే ఇది అసాధారణమైన శాంతి. అందుకే ఇందులో అసలు కారణం తేటగా కనిపిస్తుంది. ద్వేషం లేకుండానే గుళ్లు ఖాళీ అయ్యాయి. జనం చర్చి మీద తిరగబడలేదు, అవసరం తీరిపోయి నడిచి వెళ్లిపోయారు.

స్త్రీల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఏ ఊళ్లోనైనా ఆదివారం గుడి నిండేది వాళ్ల వల్లే. ఇంగ్లీషువారిని సంఖ్యతో గెలవాలని ‘ఊయలల పగ’ అన్న మాట క్యూబెక్‌లో తరతరాలుగా నడిచింది. ఆ పగ భారం మోసింది తల్లులు. కొన్నాళ్లు కాన్పు లేకపోతే ఇంటికి వచ్చిన గురువు ఎందుకని అడిగేవాడు. పిల్లలు ఇక వద్దనుకున్నానని పాపసంకీర్తనంలో చెప్పిన స్త్రీకి క్షమాపణ నిరాకరించడం జరిగేది. ఆ తరం స్త్రీలు తమ కూతుళ్లకు ఇలాంటి అనుభవాలు చాలా చెప్పారు. పైగా, క్యూబెక్ శాసనసభ ఎన్నికల్లో ఓటు హక్కు వారికి 1940లో గానీ రాలేదు, దాన్ని కార్డినల్ విల్‌నవ్ బాహాటంగా వ్యతిరేకించాడు. పెళ్లయిన స్త్రీ భర్త సంతకం లేకుండా ఒప్పందాలు చేసుకునే హక్కు 1964లో, మొదటి మహిళా శాసనసభ్యురాలు క్లేర్ కిర్క్‌లాండ్ తెచ్చిన చట్టంతో వచ్చింది. అదే కాలంలో గర్భనిరోధక మాత్ర అందుబాటుకు వచ్చింది. కాలం మారినట్టు చర్చి కూడా మారుతుందని ఎదురుచూసినవారికి 1968లో ఆరవ పౌలు పోపు దాన్ని నిషేధిస్తూ విశ్వలేఖ రాశాడు. 1950లలో తల్లికి సగటున నలుగురి దాకా ఉన్న పిల్లల సంఖ్య 1970ల ఆరంభానికి రెండుకు దిగువకు వచ్చింది. పడకగదిలో ఒకసారి గురువు మాట కాదన్న స్త్రీ, ఆదివారం అదే గురువు ముందు మోకరించడం కష్టం. ఆమె మానేస్తే పిల్లలూ మానేశారు. చర్చి హాజరు కూలిన వేగానికి రాజకీయాలకన్నా ఈ ఇంటి లోపలి తెగతెంపులే ఎక్కువ కారణమై ఉండవచ్చు.

చర్చికి ఈ సంగతి తెలియక కాదు. 1967లో మాంట్రియల్ కార్డినల్ పాల్-ఎమిల్ లెజే పదవి వదిలి కామెరూన్‌లో కుష్ఠు రోగుల సేవకు వెళ్లిపోయాడు. 1968లో బిషప్పులు సామాజిక శాస్త్రవేత్త ఫెర్నాన్ డ్యూమాన్ అధ్యక్షతన ఒక కమిషన్ వేసి, జనం ఎందుకు దూరమవుతున్నారో ఊరూరా తిరిగి అడిగించారు. అప్పటికే ఎందరో గురువులు, మఠకన్యలు సభలు వదిలి వచ్చి, అవే బడుల్లో, అవే ఆసుపత్రుల్లో ప్రభుత్వ జీతానికి పనిచేస్తున్నారు. పని అదే, మనిషి అదే, యజమాని మాత్రం మారాడు. ఈ మార్పు మొత్తాన్ని ఒక మనిషిలో చూడాలంటే, నిన్నటి దాకా సిస్టరు అని పిలిచిన నర్సునే ఇప్పుడు మేడమ్ అని పిలుస్తున్న రోగిని ఊహించుకుంటే చాలు.

జాతి భావన ఎక్కడికి పోయిందో జూన్ 24 చూపిస్తుంది. అది క్యూబెక్ పాలక పునీతుడు బాప్తిస్త యోహాను పండుగ. ఉంగరాల జుట్టు గల ఒక పిల్లవాడిని గొర్రెతోలు కప్పి, పక్కన గొర్రెపిల్లతో బండి మీద ఊరేగించడం మాంట్రియల్‌లో ఆనవాయితీ. 1960లలో, మమ్మల్ని గొర్రెపిల్లలుగా చూపించకండని కొత్త తరం గొడవ చేయడంతో పిల్లవాడి స్థానంలో పెద్దవయసు యోహాను విగ్రహం వచ్చింది. 1969 ఊరేగింపులో నిరసనకారులు ఆ విగ్రహాన్నీ పడదోస్తే దాని తల విరిగింది. 1977లో, లెవెక్ ప్రభుత్వంలో, ఆ రోజును జాతీయ పండుగగా ప్రకటించారు. ఫ్రెంచిని పని భాషగా, బడి భాషగా నిలబెట్టిన 101వ చట్టం కూడా అదే ఏడాదిది. రాత్రి నెగళ్లు వేయడం, పాటలు పాడటం, నీలి జెండాలు ఊపడం ఇప్పటికీ లక్షలమందిని రప్పిస్తాయి. పూజ కూడా ఉంటుంది, దానికి వచ్చేవారు తక్కువ. కావలిగా పెట్టిన భాష ఇల్లు తనదే చేసుకున్నది. జాతి కోసం గుమిగూడాలంటే వెనుకటికి గుడి ఒక్కటే చోటు. ఇప్పుడు సభలు, కచేరీలు, ఎన్నికలు, 1980లోనూ 1995లోనూ జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలు ఉన్నాయి. రెండోసారి సార్వభౌమత్వం 49.42 శాతం దగ్గర ఆగింది. దేశం కాలేకపోయినా, చర్చి చేసిన పనులన్నీ చేయగల ప్రభుత్వం మాత్రం క్యూబెక్‌కు దక్కింది.

ఐర్లండు ఈ వాదనకు గట్టి పరీక్ష. అక్కడి జనం కూడా కాథలిక్కులే, వారి మీద కూడా ఇంగ్లండు పెత్తనమే, పైగా 1922లో వారు రాజ్యమే సాధించుకున్నారు. స్వాతంత్ర్యమే చర్చిని ఖాళీ చేసేదైతే ఐర్లండు ముందు ఖాళీ కావాలి. జరిగింది వేరు. కొత్త ప్రభుత్వం బడులనూ ఆసుపత్రులనూ చర్చి చేతుల్లోనే ఉంచింది. 1951లో ఆరోగ్యమంత్రి నోయెల్ బ్రౌన్ తల్లీపిల్లలకు ఉచిత వైద్యం పథకం తెస్తే బిషప్పులు అడ్డుపడ్డారు, మంత్రి రాజీనామా చేశాడు. అక్కడ 1970ల ఆరంభంలో కూడా కాథలిక్కుల్లో పదిమందిలో తొమ్మిదిమంది వారంవారం పూజకు వెళ్లేవారు. క్యూబెక్ ఆసుపత్రి బీమా తెచ్చిన పదేళ్లలో గుళ్లు పలచబడితే, అదే పనిని చర్చి అడ్డుకున్న ఐర్లండులో మరో తరం వరకు నిండుగా ఉన్నాయి. తీరా 1990లలో చర్చి సంస్థల్లో పిల్లల మీద జరిగిన అత్యాచారాలు బయటపడినప్పుడు, ఆ సంస్థలు ఇంకా చర్చివే కనుక, ఐరిష్ జనం కోపంతో వెళ్లిపోయారు. వాయిదా వేసిన విడాకులు ఎక్కువ నొప్పితో జరిగాయి.

స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతం ఇంకొక రకంగా ఆలోచింపజేస్తుంది. చర్చి అధికారం పక్షాన చేరడం వల్లనే జనం దూరమయ్యారని క్యూబెక్ చూసి అనుకోవచ్చు. బాస్క్ గురువులు మాత్రం చాలావరకు జనం పక్షానే నిలిచారు. 1936లో, స్పెయిన్‌కు నియంత కాబోయే ఫ్రాంకో సేనలు వారిలో కొందరిని కాల్చి చంపాయి. 1960లో 339 మంది గురువులు తమ ప్రజల మీద అణచివేతను నిరసిస్తూ బిషప్పులకు లేఖ రాశారు. 1968లో ఫ్రాంకో ప్రభుత్వం సమోరా జైలులో గురువుల కోసమే ఒక విభాగం తెరిచింది. అందులో ఎక్కువమంది బాస్క్‌లే. నిషిద్ధమైన బాస్క్ భాషను నేర్పే ఇకస్తోలా బడులు చాలాచోట్ల గుడి గదుల్లోనే తలదాచుకున్నాయి. 1974లో బిల్బావో బిషప్ అన్యొవెరోస్ బాస్క్ ప్రజల హక్కుల గురించి ప్రసంగం రాయించినందుకు ఆయన్ను దేశం నుంచి పంపేయబోయారు. ఇంత త్యాగం చేసిన చర్చి, 1979లో స్వయంపాలన చట్టం వచ్చి ఇకస్తోలాలు, పార్టీలు, పార్లమెంటు బయటకు వచ్చాక, నిండుగా ఉండాలి. కానీ ఒకప్పుడు స్పెయిన్‌కు అత్యధికంగా గురువులను ఇచ్చిన ఆ నేల నేడు ఆ దేశంలో పూజకు అతి తక్కువగా వెళ్లే ప్రాంతాల్లో ఒకటి. చర్చి ఎవరి పక్షాన ఉందన్నది జనం ఏ భావంతో వెళ్లిపోతారో నిర్ణయిస్తుంది గానీ, వెళ్లిపోతారా లేదా అన్నది దానివల్ల తేలదు. తలదాచుకోవడానికి వచ్చినవారు, సొంత గూడు దొరికాక ఆతిథ్యాన్ని గౌరవిస్తూనే వెళ్లిపోతారు.

యూటా చర్చి ఎందుకు నిండి ఉందో దీన్ని బట్టి అర్థమవుతుంది. మోర్మన్ చర్చి ఆ పనులను ఎవరికీ అప్పగించలేదు. 1936లో మొదలైన దాని సహాయ వ్యవస్థ నేటికీ నడుస్తున్నది. ఉద్యోగం పోయిన కుటుంబానికి బిషప్ గోదాము నుంచి సరుకులు వస్తాయి. యువకులు రెండేళ్లు ప్రచార సేవకు వెళతారు. జీతం తీసుకోని స్థానిక విశ్వాసులే సంఘాన్ని నడుపుతారు కనుక దాదాపు ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక బాధ్యత ఉంటుంది. వెర్మాంట్ దీనికి సరిగ్గా ఎదురు. ఒకప్పుడు ఊరి పన్నుతోనే పాస్టరుకు జీతం ఇచ్చే ఆ రాష్ట్రం 1807లో ఆ పన్ను తీసేసింది. మార్చిలో జరిగే పట్టణ సభల్లో ఊరి పద్దు తామే తేల్చుకునే జనానికి ఆ పనిలో చర్చి అవసరం లేదు.

ఈ వివరణతో అంతా తేలిపోదన్న మాట వాస్తవం. 1960ల నుంచి పాశ్చాత్య దేశాల్లో దాదాపు అంతటా హాజరు తగ్గింది. ఇంగ్లీషు కెనడాలో కూడా తగ్గింది. టీవీ, కారు, నగరాలు, చదువు తమ వంతు పని చేశాయి. చర్చి చేసిన పనుల చరిత్ర చెప్పేది క్యూబెక్ మిగతావారికన్నా ఎత్తు నుంచి ఎందుకు పడిందో, ఆ దశాబ్దంలోనే ఎందుకు పడిందో మాత్రమే. హాజరు పోయినంత మాత్రాన పేరు వెంటనే పోలేదని కూడా గుర్తుంచుకోవాలి. 2001 జనగణనలో సైతం క్యూబెక్ జనాభాలో 83 శాతం కాథలిక్కులమనే రాయించుకున్నారు. పూజకు వెళ్లకపోయినా తాతల మతాన్ని కాదనలేని తరం అది. వారి పిల్లలు కాదంటున్నారు: 2021కి ఆ అంకె సుమారు 54 శాతానికి దిగింది, ఏ మతమూ లేదన్నవారు 27 శాతానికి చేరారు. ఈనాడు మాంట్రియల్‌లో ఆదివారం నిండుగా కనిపించే గుడి హైతీ, ఫిలిప్పీన్స్, వియత్నాం, లాటిన్ అమెరికా నుంచి వచ్చినవారిదై ఉండే అవకాశం ఎక్కువ. కొత్త దేశంలో ఇల్లు, పని, నా అనే మనిషి వెతుక్కునే వారికి చర్చి ఇప్పటికీ ఆ పాత పనులన్నీ చేసిపెడుతున్నది.

మిగిలినవి భవనాలు, మాటలు. 2003లో వారసత్వ మండలి లెక్కించినప్పుడు క్యూబెక్‌లో 1975కు ముందు కట్టిన ఆరాధన స్థలాలు సుమారు 2,750 ఉన్నాయి. ఆ తర్వాత వాటిలో చాలా మూతపడ్డాయి, అమ్ముడుపోయాయి, గ్రంథాలయాలుగా, ఇళ్లుగా, సర్కస్ బడిగా, వ్యాయామశాలగా మారాయి. మాటల్లో మిగిలినవి తిట్లు. వేలికి సుత్తి దెబ్బ తగిలిన క్యూబెక్ వడ్రంగి నోటి నుంచి వచ్చేవి దివ్యమందసం, పూజపాత్ర, సత్ప్రసాదం పేర్లే. పందొమ్మిదో శతాబ్దంలో గురువుల మీది కసితో పుట్టిన ఆ మాటలను, దివ్యమందసం ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని కుర్రవాళ్లు కూడా ఈనాడు అంతే ధారాళంగా వాడుతున్నారు.

శాసనసభలో సభాపతి కుర్చీ పైన డుప్లెసీ ప్రభుత్వం 1936లో ఒక సిలువను వేలాడదీసింది. ప్రభుత్వం నియమించిన కమిషన్ 2008లో దాన్ని తీసేయమని సూచించిన రోజే, పూజకు వెళ్లే అలవాటు లేనివారే ఎక్కువగా ఉన్న ఆ సభ, దాన్ని ఉంచాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులు, పోలీసులు, ప్రభుత్వ న్యాయవాదులు విధుల్లో మతచిహ్నాలు ధరించరాదన్న చట్టం 2019 జూన్‌లో వచ్చాక, జూలైలో దాన్ని గోడ నుంచి దించారు. ఇప్పుడది అదే భవనంలో, సందర్శకులు చూసే చోట, చరిత్ర వస్తువుల మధ్య ఉంది.